ధవళేశ్వరం గట్టు నుంచి కొల్లేటి దాకా... కాటన్ దొర నడిపించిన నీరు

ఏలూరు: సెలవు రోజు వచ్చిందంటే ధవళేశ్వరం గట్టు సందర్శకులతో కళకళలాడుతుంది. రాజమహేంద్రవరం నగరానికి కొద్ది కిలోమీటర్ల దిగువన ఉన్న ఈ నదీతీరానికి ఏలూరు, తాడేపల్లిగూడెం, నిడదవోలు ప్రాంతాల నుంచి సైతం కుటుంబాలు తరలివస్తుంటాయి. విజ్జేశ్వరం వద్ద బ్యారేజీ ఎక్కి, మద్దూరులంక, బొబ్బర్లంక, పిచ్చుకలంకల మీదుగా ధవళేశ్వరం చేరే దారి పొడవునా గోదావరి కనువిందు చేస్తుంది. కార్తీక మాసంలో వనభోజనాలకు, వరదల కాలంలో గేట్ల నుంచి ఉరికే నీటిని చూసేందుకు, వేసవి సాయంత్రాలు గాలి పోసుకొనేందుకు జనం ఇక్కడికే వస్తారు. పిచ్చుకలంకను పర్యాటక కేంద్రంగా తీర్చిదిద్దాలన్న ప్రతిపాదనలు కూడా ఏళ్ల తరబడి వినవస్తూనే ఉన్నాయి.

అయితే ఈ విహార స్థలం ఒకప్పుడు పని స్థలం. రాళ్లు పగిలే చప్పుళ్లతో, సున్నం బట్టీల పొగతో, వేలాది కూలీల కేకలతో ఐదేళ్ల పాటు ఈ గట్టు దద్దరిల్లింది. ఇక్కడ నిలబెట్టిన రాతికట్ట ఫలితమే ఈనాడు తాడేపల్లిగూడెం, ఏలూరు ప్రాంతాల పొలాలకు అందుతున్న కాలువ నీరు. ఆ నీరు పొలాలు దాటి చివరికి చేరే చోట్లలో కొల్లేరు ఒకటి. ఈ నీటి ప్రయాణానికి ఆద్యుడైన సర్ ఆర్థర్ థామస్ కాటన్ జీవితం గోదావరి జిల్లాల ప్రజలకు కొంత తెలిసిందే. తెలియని భాగం కూడా తక్కువేమీ కాదు.

పదకొండు మందిలో పదో వాడు

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్. ఆయన పదకొండు మంది కుమారులలో ఆర్థర్ పదో వాడు. సోదరులలో కొందరు సైన్యంలో చేరగా, హ్యూ, ఫ్రెడరిక్ అనే ఇద్దరు ఆర్థర్ వలెనే మద్రాసు ఇంజనీర్ల దళంలో పనిచేశారు. మరొకరు ఆక్స్‌ఫర్డ్‌లో ఒక కళాశాలకు అధిపతి అయ్యారు.

పదిహేనవ ఏట ఆర్థర్ ఈస్టిండియా కంపెనీ వారి అడ్డిస్కోంబ్ సైనిక పాఠశాలలో ప్రవేశించారు. అక్కడ చదువు ముగించుకొని కొంతకాలం వేల్స్ ప్రాంతంలో భూముల సర్వే పనిలో తర్ఫీదు పొందారు. నేల ఎత్తుపల్లాలను కొలవడం, వాలును గుర్తించడం అక్కడే అలవడింది. ఈ విద్యే తరువాతి జీవితమంతటికీ పెట్టుబడి అయింది. 1821లో మద్రాసు చేరుకొనే నాటికి ఆయన వయస్సు 18 ఏళ్లు మాత్రమే.

మద్రాసులో తొలుత చీఫ్ ఇంజనీరు కార్యాలయంలోను, ఆ తరువాత దక్షిణాది చెరువుల శాఖలోను ఆయన పనిచేశారు. భారత్, సింహళాల నడుమ ఉన్న పాంబన్ జలమార్గాన్ని సర్వే చేశారు. 1824లో మొదలైన బర్మా యుద్ధంలో పాల్గొన్నారు. యుద్ధం నుంచి తిరిగి వచ్చాక మళ్లీ నీటి పనులకే మళ్లారు.

కావేరి నేర్పిన పాఠం

తంజావూరు ప్రాంతంలో కావేరి నీటి వ్యవహారాలు చూడవలసి రావడం కాటన్ జీవితాన్ని మలుపు తిప్పింది. అక్కడ చోళరాజుల కాలం నాటి కల్లణై ఆనకట్టను ఆయన శ్రద్ధగా పరిశీలించారు. నది అడుగున రాతి పొర తగిలేదాకా తవ్వి పునాది వేయనిదే కట్టడం నిలవదన్నది ఐరోపాలో నేర్చిన చదువు. కల్లణై మాత్రం ఇసుక మీదనే శతాబ్దాలుగా నిలిచి ఉంది. ఇసుకలో రాళ్లు దిగబడి, దిగబడి, ఒక స్థాయికి వచ్చాక కదలకుండా నిలిచిపోతాయన్న రహస్యాన్ని ఈ దేశపు పూర్వులు ఏనాడో గ్రహించారని కాటన్ గుర్తించారు. ఈ మెలకువను తాను ఇక్కడి వారి నుంచే నేర్చుకున్నట్లు ఆయన దాచుకోలేదు.

ఆ పాఠం ఆధారంగానే 1836లో కొల్లడం నదిపై ఎగువ, దిగువ ఆనకట్టలు పూర్తయ్యాయి. కావేరి డెల్టాకు నీటి భరోసా కలిగింది. గోదావరికి అవసరమైన ధైర్యాన్ని కాటన్‌కు ఇచ్చింది ఈ అనుభవమే.

మద్రాసు సమీపంలోని రెడ్‌హిల్స్ నుంచి రాయి తరలించేందుకు 1837లో నడిచిన రైలు మార్గం కూడా ఆయన చేతి మీదుగా రూపుదిద్దుకున్నదే. దేశంలో తొలి రైలు మార్గాలలో అదొకటి. తదనంతర కాలంలో రైళ్ల కంటే కాలువలే మేలని పట్టుబట్టిన మనిషి, దేశంలో రైలు పట్టాలు పరిచిన తొలివారిలో ఒకడు కావడం విశేషం.

ఈ లోగా ఆయన ఆరోగ్యం దెబ్బతిన్నది. విశ్రాంతి కోసం ఆస్ట్రేలియా ఖండానికి ప్రయాణమయ్యారు. అక్కడి టాస్మేనియా ద్వీపంలో 1841లో ఎలిజబెత్ లియర్‌మంత్‌తో వివాహం జరిగింది. తిరిగి వచ్చిన తరువాత విశాఖపట్నంలో నియమితులై, సముద్రపు కోత నుంచి తీరాన్ని కాపాడే రాతికట్టల పనిని చేపట్టారు. అక్కడి నుంచి ఆయన చూపు గోదావరి వైపు మళ్లింది.

నది పక్కనే కరువు

నాటి రాజమండ్రి జిల్లా పరిస్థితి నేటి తరం ఊహకు అందనిది. 1832-33లో వచ్చిన నందన కరువు గుంటూరు మొదలు కోస్తా జిల్లాలను వణికించింది. 1839 నాటి తుఫాను కోరంగి తీరాన్ని తుడిచిపెట్టింది. వాన పడితే పంట, లేకుంటే పస్తు అన్నట్లుగా రైతు బతుకు సాగింది. గ్రామాలకు గ్రామాలే ఖాళీ అయ్యాయి. జిల్లా జనాభా తగ్గిపోయింది. కంపెనీ వారికి రావలసిన శిస్తు కూడా పడిపోయింది.

ఇదంతా జరుగుతున్నది ఏటా కోట్లాది ఘనపుటడుగుల నీటిని సముద్రంలో కలిపే మహానది ఒడ్డున కావడమే అసలు విషాదం. నది పొంగితే పైరు మునిగేది. నది తగ్గితే పైరు ఎండేది. గట్టు మీద నిలబడిన రైతు కళ్లముందే నీరు ప్రవహించి పోయేది తప్ప, చేనుకు ఎక్కే దారి ఉండేది కాదు.

జిల్లా దుస్థితిపై విచారణకు కంపెనీ ప్రభుత్వం నియమించిన సర్ హెన్రీ మాంట్‌గొమరీ, కావేరి డెల్టాలో జరిగిన మేలును ఉదహరిస్తూ నీటి వనరుల అభివృద్ధే మార్గమని సూచించారు. ఆ పని పరిశీలన కాటన్‌కు అప్పగించారు. 1844, 1845 సంవత్సరాలలో ఆయన నివేదికలు సమర్పించారు. నదికి అడ్డంగా ఆనకట్ట, దాని నుంచి కాలువలు, వరద కట్టలు, మురుగు పారుదల, పడవల రాకపోకలు, రోడ్లు, వంతెనలు అన్నీ కలిపి ఒకే పథకంగా ఆయన ప్రతిపాదించారు. నాటి మద్రాసు గవర్నరు ట్వీడ్‌డేల్ సానుకూలంగా స్పందించారు. లండనులోని కంపెనీ డైరెక్టర్లు 1846లో అనుమతి ఇచ్చారు.

కంపెనీ వారు అనుమతి ఇచ్చినది కేవలం జాలితో కాదు. నీరు పారితే పంట పండుతుంది, పంట పండితే శిస్తు వస్తుంది. కాటన్ సైతం తన నివేదికలలో ఈ లెక్కను ముందుంచే వాదించారు. తిండి గింజల కోసం తపించే ప్రజల గోడు వినని చెవులకు రాబడి లెక్క వినిపిస్తుందని ఆయనకు తెలుసు.

ధవళేశ్వరమే ఎందుకు?

గోదావరి సన్నగా పారే చోట ఆనకట్ట కట్టడం సులభమని ఎవరికైనా తోస్తుంది. కాటన్ అందుకు విరుద్ధంగా నది బాగా విస్తరించిన ధవళేశ్వరాన్ని ఎంపిక చేశారు. సన్నని చోట నది లోతుగా, వేగంగా ప్రవహిస్తుంది. ధవళేశ్వరం వద్ద నది సుమారు నాలుగు మైళ్ల వెడల్పున పరచుకొని, లంకల మధ్య నాలుగు పాయలుగా చీలుతుంది. లోతు తక్కువ, వేగం తక్కువ. పైగా ఒక్కొక్క పాయకు విడివిడిగా కట్ట వేసుకుంటూ పోవచ్చు. లంకలే మధ్యలో ఆధారంగా నిలుస్తాయి.

మరో సౌకర్యం కూడా ఉంది. ధవళేశ్వరం కొండ నది ఒడ్డునే ఉంది. రాయి కోసం దూరం పోవలసిన పని లేదు. కొండ నుంచి నది దాకా పట్టాలు వేసి బండ్లలో రాయి దింపారు. గానుగ సున్నం, ఇటుక, మన్యం కలప సమకూర్చుకున్నారు. ఇనుప పనికి, చెక్క పనికి అక్కడే కర్మాగారం వెలసింది. ధవళేశ్వరం వర్క్‌షాపు పుట్టుక అదే.

ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే ఆ నాలుగు పాయల మీద కట్టిన రాతికట్టల మొత్తం పొడవు సుమారు రెండుంబావు మైళ్లు. మిగిలిన దూరాన్ని లంకల మీద వేసిన మట్టికట్టలు కలుపుతాయి.

పదివేల మంది శ్రమ

1847లో పని మొదలైంది. అంత పెద్ద నిర్మాణానికి కావలసిన ఇంజనీర్లను, తాపీ పనివారిని ఇమ్మని కాటన్ కోరారు. ప్రభుత్వం కోరినందులో కొద్దిపాటి సిబ్బందిని మాత్రమే పంపింది. వారిలోనూ అనుభవం లేని కుర్రవారే ఎక్కువ. దానితో కాటన్ స్థానికులకే పని నేర్పించి ముందుకు సాగారు. అనతి కాలంలోనే పదివేల మంది కూలీలు, వందలాది వడ్రంగులు, కమ్మరులు ధవళేశ్వరం చేరుకున్నారు. కరువుతో కుదేలైన పల్లెల వారికి ఈ పనే తిండి పెట్టింది.

ఈ కృషిలో వీణెం వీరన్న పేరు ప్రత్యేకంగా చెప్పుకోదగినది. కూలీలను సమీకరించడంలోను, పనులను దగ్గరుండి నడిపించడంలోను ఆయన కాటన్‌కు కుడిభుజంగా నిలిచారు. గోదావరి ఆనకట్ట నిర్మాణంలో తెలుగువారి పాత్రకు ఆయన ప్రతీకగా నిలిచిపోయారు. రాయి కొట్టిన వడ్డెరలు, ఇసుక మోసిన స్త్రీలు, వేగంగా పారే నీటిలో పడవలు నిలిపిన సరంగుల పేర్లు మాత్రం ఏ శిలాఫలకం మీదా లేవు.

కాటన్ భార్యాబిడ్డలతో పని చోటనే కాపురం ఉన్నారు. వర్షాకాలంలో నది పొంగితే పని నిలిచిపోయేది. వరద తగ్గిన తరువాత మళ్లీ వేసవి దాటేలోగా వీలైనంత కట్టవలసి వచ్చేది. ఎండలో తిరగడంతో 1848లో ఆయన మళ్లీ తీవ్ర అస్వస్థతకు గురయ్యారు. బాధ్యతలను కెప్టెన్ ఓర్‌కు అప్పగించి ఆస్ట్రేలియాకు వెళ్లవలసి వచ్చింది. ఆయన లేని రెండేళ్లూ ఓర్ పనిని నిలబెట్టారు. 1850లో కాటన్ తిరిగి వచ్చారు. 1852 నాటికి ఆనకట్ట పూర్తయింది.

అనుకున్న ఖర్చుకు, అయిన ఖర్చుకు పొంతన కుదరలేదు. అదనపు నిధులు కోరిన ప్రతిసారీ పై అధికారుల నుంచి సంజాయిషీలు ఎదురయ్యాయి. కాలువల తవ్వకం ఆ తరువాత కూడా ఏళ్ల తరబడి సాగింది. కోనసీమలోని నగరం లంకకు నీటిని చేర్చే గన్నవరం అక్విడక్టును కాటన్ శిష్యుడు కెప్టెన్ హేగ్ 49 ఖానాలతో నిర్మించారు. ఓర్ విజయవాడకు తరలివెళ్లి, 1855 నాటికి కృష్ణానదిపై ఆనకట్టను పూర్తి చేశారు.

విజ్జేశ్వరం నుంచి ఏలూరుకు

ఆనకట్టకు తూర్పున ధవళేశ్వరం నుంచి, నడుమ బొబ్బర్లంక నుంచి, పడమట విజ్జేశ్వరం నుంచి మూడు డెల్టాలకు కాలువలు బయలుదేరాయి. ప్రస్తుత పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాలకు ప్రాణాధారం విజ్జేశ్వరం వైపు కాలువే. ప్రధాన కాలువ నుంచి నరసాపురం, అత్తిలి, ఉండి, వెంకయ్య-వయ్యేరు తదితర కాలువలు చీలిపోగా, ఏలూరు కాలువ నిడదవోలు, తాడేపల్లిగూడెం ప్రాంతాల మీదుగా ఏలూరు చేరుకుంటుంది. పశ్చిమ డెల్టాలో ఈ కాలువల కింద 5 లక్షల ఎకరాలకు పైగా సాగవుతోంది. మూడు డెల్టాలూ కలిపితే సుమారు 10 లక్షల ఎకరాలు.

ఏలూరు కాలువ పల్లం చూసుకొని తవ్విన మామూలు పంట కాలువ కాదు. మెట్ట నుంచి దిగే వాగులకు అడ్డంగా, డెల్టా పైఅంచు వెంట దానిని నడిపించారు. ఎర్రకాలువ వంటి వాగులను దాటించేందుకు నందమూరు వద్ద అక్విడక్టు నిర్మించవలసి వచ్చింది. కాలువకు పైన మెట్ట, దిగువన మాగాణి. తాడేపల్లిగూడెం పరిసరాల వారికి ఈ తేడా కంటికి కనిపించేదే. ఎర్రకాలువ పొంగినప్పుడు ఆ ప్రాంతపు చేలు మునగడం నాటి నుంచి నేటి వరకు తీరని సమస్యగానే మిగిలింది.

విజయవాడ నుంచి వచ్చే కృష్ణా కాలువ, విజ్జేశ్వరం నుంచి వచ్చే గోదావరి కాలువ ఏలూరులో కలుసుకుంటాయి. రెండు మహానదుల నీరు ఒక పట్టణంలో కాలువల రూపంలో కలవడం ఏలూరుకు దక్కిన ఘనత. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడినప్పుడు ఏలూరు జిల్లా కేంద్రమైంది. 2022లో జిల్లాల పునర్విభజన తరువాత విజ్జేశ్వరం తూర్పు గోదావరిలోకి, తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా గల పశ్చిమ గోదావరిలోకి వెళ్లగా, ఏలూరు ప్రత్యేక జిల్లా అయింది. పరిపాలన హద్దులు ఎన్ని మారినా ఈ మూడు చోట్లనూ కలిపేది ఒకే కాలువ.

పడవల కల

కాటన్ దృష్టిలో కాలువ అంటే సాగునీరు మాత్రమే కాదు, రహదారి కూడా. అందుకే ప్రధాన కాలువలకు లాకులు అమర్చారు. తలుపులు మూసి, నీటి మట్టాన్ని పెంచి, దించి పడవలను దాటించే ఏర్పాటు అది. కాకినాడలో బయలుదేరిన పడవ ధవళేశ్వరం వద్ద గోదావరి దాటి, ఏలూరు మీదుగా బెజవాడ చేరి, కృష్ణను దాటి, బకింగ్‌హాం కాలువ పట్టుకొని మద్రాసు దాకా పోగలిగిన రోజులు ఉన్నాయి. ధాన్యం, కలప, ఉప్పు, సున్నపురాయితో నిండిన పడవలను గట్టు వెంట తాడు కట్టి మనుషులు లాగుకుంటూ వెళ్లేవారు. గత శతాబ్ది మధ్య దాకా ఆ దృశ్యం ఈ ప్రాంతంలో సాధారణమే.

భారతదేశంలోని నదులన్నింటినీ పడవల కాలువలతో అనుసంధానించాలని కాటన్ ప్రతిపాదించారు. 1854లో వెలువరించిన గ్రంథంలోను, ఆ తరువాత రాసిన అనేక కరపత్రాలలోను ఈ వాదాన్ని వినిపించారు. రైలు మార్గాలకు పోసే సొమ్ములో కొంత భాగం కాలువలకు కేటాయిస్తే కరువులు తప్పుతాయని, రవాణా ఖర్చు కూడా తగ్గుతుందని ఆయన లెక్కలు కట్టారు. నాటి పాలకులు రైళ్ల వైపే మొగ్గు చూపారు. చివరకు ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా ఇంచుమించు ఆయన కాలువ బాటలోనే మద్రాసు - కలకత్తా రైలు మార్గం వచ్చింది. 1900లో రాజమండ్రి వద్ద గోదావరిపై హేవలాక్ వంతెన ప్రారంభమైంది. రైలు ముందు, ఆపై లారీ ముందు పడవ నిలవలేకపోయింది. లాకులు శిథిలమయ్యాయి.

గౌరవం, నిష్ఠూరం

ఉద్యోగ విరమణ అనంతరం 1861లో కాటన్‌కు సర్ బిరుదు లభించింది. అయితే ఆయన అన్ని పథకాలూ గోదావరి వలె ఫలించలేదు. తుంగభద్రపై సుంకేశుల నుంచి కడప దాకా ప్రైవేటు కంపెనీ పెట్టుబడితో తవ్విన కర్నూలు - కడప కాలువ అనుకున్న ఆదాయం తేలేకపోయింది. చివరకు 1882లో ప్రభుత్వమే దానిని తీసుకొంది. కాటన్ అంచనాలు ఆశావాదంతో కూడుకున్నవని విమర్శించేవారికి ఈ వైఫల్యం ఆయుధమైంది.

1876-78లో దక్షిణ భారతాన్ని మహా క్షామం కబళించింది. లక్షలాది మంది మరణించారు. గోదావరి, కృష్ణా డెల్టాలు మాత్రం ఆ కరువును తట్టుకొని నిలిచాయి. ఈ వాస్తవాన్ని ఆధారంగా చూపి నీటి పనులకు నిధులు ఇవ్వాలని కాటన్ వాదించారు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు నియమించిన సంఘం ఎదుట హాజరై తన వాదనకు సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. అప్పటికి ఆయన వయస్సు 75 ఏళ్లు. సంఘం ఆయన వాదాన్ని అంగీకరించలేదు. ఫ్లారెన్స్ నైటింగేల్ వంటి కొద్దిమంది మాత్రమే ఆయన పక్షాన నిలిచారు.

వృద్ధాప్యంలో ఆయన ఇంగ్లండులోని డార్కింగ్ పట్టణంలో స్థిరపడ్డారు. తొంభై ఏళ్లు పైబడినా నేలను విడిచిపెట్టలేదు. లోతు దుక్కి చేసి తక్కువ నేలలో ఎక్కువ గోధుమ పండించే ప్రయోగాలు తన పెరటిలోనే సాగించారు. 1899 జులై 24న, 96వ ఏట కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆయన కుమార్తె లేడీ హోప్ తండ్రి జీవిత చరిత్రను ప్రచురించారు.

పరదేశంలో ఆయన పేరు క్రమంగా మరుగున పడినా, గోదావరి తీరంలో మాత్రం నిలిచిపోయింది. స్నాన సంకల్పంలో కాటన్‌ను స్మరించిన పండితులు ఉండేవారని గోదావరి జిల్లాల వారు నేటికీ చెప్పుకుంటారు. ఊరూరా చందాలు వేసుకొని రైతులు విగ్రహాలు ప్రతిష్ఠించారు. ఏటా మే 15న ఆ విగ్రహాలకు పూలమాలలు పడుతున్నాయి. ఒక పరాయి పాలకుల ఉద్యోగికి ఇంతటి అభిమానం దక్కడం అరుదు.

కొత్త కట్ట, పాత కాలువలు

నూరేళ్లు దాటిన పాత ఆనకట్ట బలహీనపడటంతో దాని చెంతనే కొత్త బ్యారేజీ నిర్మాణాన్ని ప్రభుత్వం చేపట్టింది. ధవళేశ్వరం వైపు 70, ర్యాలి వైపు 43, మద్దూరు వైపు 23, విజ్జేశ్వరం వైపు 39, మొత్తం 175 గేట్లతో అది సిద్ధమైంది. దానికి కాటన్ పేరే పెట్టారు. 1986 ఆగస్టులో వచ్చిన మహా వరదను ఆ బ్యారేజీ తట్టుకొంది. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం కూడా ఏర్పాటైంది. నాటి నమూనాలు, పనిముట్లు, పటాలు అక్కడ చూడవచ్చు. బ్యారేజీ మీద నీటి అందాలను చూసి వెనుదిరిగే సందర్శకులలో ఈ మ్యూజియం గడప తొక్కేవారు మాత్రం తక్కువే.

నదుల అనుసంధానమన్న కాటన్ ఆలోచన మరో రూపంలో తిరిగి వచ్చింది. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీరు పోలవరం కుడి కాలువలో ప్రవహించి కృష్ణకు చేరింది. ఏలూరు కాలువ ద్వారా నూట అరవై ఏళ్ల కిందటే చేతులు కలిపిన రెండు నదులు మరోమారు, మరింత పెద్ద కాలువతో కలిశాయి.

కొల్లేటికి చేరిన లెక్క

నీటిని తెచ్చిన కథ ఇంతటితో ముగిసినా, నీరు పోయే కథ ముగియదు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య సహజంగా ఏర్పడిన పల్లమే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏరులు ఇందులో కలుస్తాయి. కాలువలు వచ్చాక చేల నుంచి దిగే మురుగు నీరు కూడా డ్రెయిన్ల ద్వారా ఈ సరస్సును ఆశ్రయించింది. చిన్నా పెద్దా కలిపి అరవైకి పైగా వాగులు, డ్రెయిన్లు కొల్లేటికి చేరుతుండగా, సముద్రానికి పోయే దారి ఒక్క ఉప్పుటేరే. సుమారు 60 కిలోమీటర్ల ఆ ఏరు పూడినా, ఇరుకైనా నీరు వెనక్కి తన్ని లంక గ్రామాలను ముంచెత్తుతుంది.

కాటన్ నివేదికలలో సాగునీటితో పాటు మురుగు పారుదలకు కూడా చోటు ఉంది. నీరు పెట్టడం ఎంత ముఖ్యమో, తీయడం అంతే ముఖ్యమని వరి పండించే ప్రతి రైతుకూ తెలుసు. కాలక్రమంలో కాలువలపై ఉన్న శ్రద్ధ డ్రెయిన్లపై లేకపోయింది. గత శతాబ్ది చివరి దశాబ్దాలలో చేపల చెరువులు సరస్సును నాలుగు వైపుల నుంచి ఆక్రమించాయి. 1999లో ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను ప్రభుత్వం అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో కొల్లేరు చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట చెరువు గట్లను పేల్చివేశారు. జీవనోపాధి కోల్పోయిన వారి గోడు ఒకవైపు, సరస్సు బతకాలన్న ఆరాటం మరోవైపు నేటికీ కొనసాగుతున్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచెత్తిన తరువాత, ఆ నీరు కూడా కొల్లేటి దారే పట్టింది.

ఈ పరిణామాలన్నింటికీ కాటన్‌ను బాధ్యుణ్ణి చేయడం న్యాయం కాదు. అలాగని ఏటా పూలమాల వేసి ఊరుకోవడం కూడా ఆయన పనికి తగిన గౌరవం కాదు. ఆనకట్ట, కాలువ, లాకు, డ్రెయిన్, ఏరు, సముద్రం ఒకే వరుసలోనివని ఆయన పథకం చెబుతుంది. ఆ వరుసలో ఏ ఒక్కటి పూడుకుపోయినా దాని నష్టం ముందుగా తెలిసేది శివారు రైతుకు, కొల్లేటి లంకల వారికి.

ధవళేశ్వరం గట్టున విహారానికి వెళ్లినవారు సాయంత్రం వేళ విజ్జేశ్వరం వైపు తిరుగుముఖం పట్టినప్పుడు, వారి వాహనం పక్కనే పశ్చిమ డెల్టా కాలువ కూడా ప్రయాణం మొదలుపెడుతుంది. నిడదవోలు దాటి, తాడేపల్లిగూడెం దాటి, ఏలూరు దాకా అది వారికి తోడుగా వస్తుంది. సార్వా నాట్లకు రైతులు ఎదురుచూసే రోజుల్లో ఆ కాలువకు నీరు వదిలారన్న ఒక్క వార్త కోసమే వేలాది కుటుంబాలు చెవులు రిక్కించి ఉంటాయి. 1852కు ముందు ఇక్కడి పల్లెలకు అటువంటి వార్త ఒకటి ఉంటుందన్న సంగతే తెలియదు.